పుస్తకం మంచిదని గ్రూపు చెబుతుంది, గొంతు సంగతి ఎవరు చెబుతారు?

ప్రశ్న: ఎల్బీ నగర్ శ్రోత

అందరికీ నమస్కారం. నేను రోజూ ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో వెళ్లి వస్తాను. ఈ కొస నుంచి ఆ కొసకు 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. రానూపోనూ దాదాపు రెండు గంటలు. ఆ రద్దీలో పుస్తకం తెరిచి చదవడం కుదరదు కాబట్టి రెండేళ్లుగా ఆడియోబుక్కులు వింటున్నాను. అయితే ఏది వినాలో నేనుగా నిర్ణయించుకోవడం ఎప్పుడో మానేశానని ఈమధ్యే గమనించి, కొంచెం కలవరపడి ఇక్కడ రాస్తున్నాను.

ఫేస్‌బుక్‌లో పుస్తకప్రియుల గ్రూపులు రెండింటిలోనూ, కాలేజీ స్నేహితుల వాట్సాప్ గ్రూపు ఒకదానిలోనూ ఉన్నాను. ఒక నవల గురించి ఒకే వారంలో నలుగురు రాశారంటే, అది వినకపోతే ఏదో పోగొట్టుకుంటున్నానన్న తొందర పుడుతుంది. నాది నెలకు ఒక్క క్రెడిట్, అంటే ఒక్క పుస్తకం తీసుకునే వీలు, వచ్చే చందా కావడం వల్ల, ఆ ఒక్కటీ వృథా అవుతుందేమోనన్న భయంతో నలుగురి మాట మీద మరింతగా ఆధారపడుతున్నాను. సంక్రాంతి సెలవుల్లో కూర్చుని లెక్క వేసుకున్నాను. పోయిన ఏడాది మొదలుపెట్టినవి 14. వాటిలో 11 గ్రూపుల్లో చూసి తీసుకున్నవి. ఆ 11లో చివరిదాకా విన్నవి నాలుగే. నా అంతట నేను వెతికి తీసుకున్న మూడింటినీ పూర్తిగా విన్నాను.

ఒక్క అనుభవం చెబుతాను. అది రాయలసీమ పల్లెలో కరువు రోజుల కథ. గ్రూపులో దాని గురించి వచ్చిన పోస్టులు చదువుతుంటేనే కళ్లు చెమర్చాయి. తీరా వినడం మొదలుపెడితే, ఎద్దుల్ని అమ్ముకోవడానికి సంతకు తోలుకుపోతున్న రైతును పొరుగువాడు ‘యాడికి పోతాండావప్పా’ అని అడిగే చోట, ఆ మాటను వార్తలు చదివినట్టు విడదీసి, ఒత్తి పలికారు. ‘నీళ్లు’ అన్న మాట వచ్చిన ప్రతిసారీ ‘నీల్లు’ అయింది. కరువు కథలో ఆ మాట లేని పేజీ ఏముంటుంది? నాలుగో అధ్యాయం దగ్గర ఆపేశాను. తర్వాత అదే నవలను అచ్చులో తెప్పించుకుని రెండు రాత్రుల్లో చదివేశాను. గ్రూపువాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం లేదు, అది నిజంగా గొప్ప నవల. మరి నేను విన్నదేమిటి?

ఆడియోబుక్ ఎంచుకునేటప్పుడు ఇలాంటి సమూహాల మాటకు మీరు ఎంత విలువ ఇస్తారు? ఎవరి మాట నమ్ముతారు? మీ అనుభవం చెప్పగలరు.

సమాధానం 1: గుంటూరు మాస్టారు

శ్రోత గారూ, మీ లెక్క చూశాక నా ఫోను తెరిచి నా లెక్కా చూసుకున్నాను. ఇంచుమించు అలాగే ఉంది. నేను డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం చెబుతాను. మీరు చెప్పిన ఆ ‘తొందర’ మీద జరిగిన పరిశోధనలను ఏటా తరగతిలో ప్రస్తావిస్తూనే ఉంటాను గాని, నా చెవుల దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతున్నాను.

సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. పెద్దగా పేరు లేని బృందాలు పాడిన 48 పాటలను ఒక వెబ్‌సైట్‌లో పెట్టి, 14 వేలమందికి పైగా వినే అవకాశం ఇచ్చారు. కొందరికి పాట పేరు, బృందం పేరు మాత్రమే కనబడేవి. మిగిలినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎందరు డౌన్‌లోడ్ చేసుకున్నారో ఆ సంఖ్య కూడా చూపించారు. పాటలు అవే, మొదట్లో అన్నిటి సంఖ్యా సున్నాయే. అయినా ఒక గుంపులో నెత్తిన పెట్టుకున్న పాట ఇంకో గుంపులో అడుగున పడి ఉంది. మరీ మంచివి మునిగిపోవడం గాని, మరీ నాసివి పైకి తేలడం గాని అరుదు. మధ్యనున్న వాటి గతిని మాత్రం ముందుగా వచ్చిన కొద్దిమంది నొక్కిన నొక్కులే తేల్చాయి. మన గ్రూపుల్లో చర్చకు వచ్చే పుస్తకాలలో చాలా భాగం ఈ మధ్యరకానివే కాబట్టి, ‘అందరూ వింటున్నారు’ అన్న మాటకు అర్థం చాలాసార్లు ‘మొదటి నలుగురు విన్నారు’ అనే.

2013లో మరో ముగ్గురు, ముచ్నిక్, ఆరల్, టేలర్, ఒక వార్తా వేదికలో లక్షకు పైగా వ్యాఖ్యల మీద ఇంకో పరీక్ష చేశారు. యాదృచ్ఛికంగా ఎంచిన కొన్ని వ్యాఖ్యలకు, అవి పడీ పడగానే తామే ఒక అనుకూల ఓటు వేశారు. ఆ ఒక్క ఓటు వల్ల వాటి చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ప్రతికూల ఓటు వేసినప్పుడు మాత్రం తర్వాత వచ్చినవారు దాన్ని సరిదిద్దేశారు. అంటే మెచ్చుకోలు అంటుకున్నంత తేలికగా తెగడ్త అంటుకోదన్నమాట. మన పుస్తక గ్రూపుల్లో ‘నాకు నచ్చలేదు’ అన్న పోస్టు ఎంత అరుదో గుర్తుచేసుకోండి.

మీరు ఆగిపోయిన ఆ ఏడింటికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు. కోవాక్స్, షార్కీ అనే ఇద్దరు 2014లో, పాఠకులు పుస్తకాలకు రేటింగులు ఇచ్చే గుడ్‌రీడ్స్ వెబ్‌సైట్‌లోని సమీక్షలను పరిశీలించి, బహుమతి వచ్చిన పుస్తకాల రేటింగులు, అదే తుది జాబితాలో ఉండి బహుమతి రాని పుస్తకాలతో పోలిస్తే, బహుమతి తర్వాత తగ్గాయని చూపించారు. పేరు మోగాక, ఆ రకం పుస్తకం మీద సహజంగా ఇష్టం లేనివారు కూడా దాన్ని అందుకుంటారు, అందుకుని నిరాశపడతారు. పుస్తకం మారలేదు, దాని దగ్గరికి వచ్చినవాళ్లు మారారు.

ఇవన్నీ అచ్చు పుస్తకానికీ వర్తిస్తాయి. వినే పుస్తకానికి ప్రత్యేకమైన చిక్కు వేరే ఉంది. గుడ్‌రీడ్స్‌లో అచ్చు ప్రతి, ఈబుక్, ఆడియో అన్నీ ఒకే కృతి కింద చేరి, అన్నిటికీ కలిపి ఒకే సగటు రేటింగ్ కనిపిస్తుంది. ఎవరు చదివి వేశారో, ఎవరు విని వేశారో ఆ అంకె చెప్పదు. ఆడియోబుక్కులు అమ్మే ఆడిబుల్‌లో ‘మొత్తం మీద’, ‘చదివిన తీరు’, ‘కథ’ అని మూడు వేర్వేరు రేటింగులు ఉంటాయి. నేను ఇప్పుడు రెండోదాన్ని మాత్రమే చూస్తున్నాను. మీ కరువు నవలకు కథ దగ్గర నిండా నక్షత్రాలు ఉండి, చదివిన తీరు దగ్గర వెలితి ఉండి ఉంటుందని నా ఊహ.

సమాధానం 2: విశాఖ చదువరి

నాకు పుట్టుకతో చూపు లేదు. మాకు పుస్తకం అంటేనే వినేది. అందుచేత శ్రోత గారి ప్రశ్న మా సమూహాల్లో ఎంతో పాతది, దానికి మేము నేర్చుకున్న జవాబులు కొన్ని చెబుతాను.

నేను బీఈడీ చదివేటప్పుడు పాఠ్యపుస్తకాలను మా అక్క క్యాసెట్లలో చదివి పెట్టేది. 60 నిమిషాల క్యాసెట్, ఒక వైపు అరగంట. టేపు అయిపోవస్తోందని గమనించగానే అక్క వేగం పెంచేది. ప్రతి క్యాసెట్ చివర రెండు నిమిషాలు పరుగులాగా ఉండేది. ఇప్పటికీ మనోవిజ్ఞానశాస్త్రంలో కొన్ని నిర్వచనాలు నాకు ఆ పరుగుతోనే గుర్తున్నాయి. అమెరికాలో 1930లలో అంధుల కోసం గ్రామఫోను రికార్డుల మీద మొదటి మాట్లాడే పుస్తకాలు తయారుచేసినప్పుడు ఒక్కో వైపు పట్టింది 15 నిమిషాలేనట. ఒక నవలకు ఎన్ని రికార్డులు తిరగేయాలో ఊహించుకుంటే మా అక్క అరగంట వైభోగమే అనిపిస్తుంది.

ఇప్పుడు పరిస్థితి మారింది. అంధులకు అందే రూపంలో పుస్తకాలు తయారుచేసి పంచుకోవడానికి కాపీహక్కులు అడ్డు రాకుండా చేసే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. అయితే పుస్తకాలు పెరిగిన కొద్దీ ఎంపిక కష్టమైంది, సమూహం అవసరమూ పెరిగింది. మా వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఒక నవల పేరు పెడితే, దాని కింద వచ్చే మొదటి ప్రశ్న ‘ఎలా ఉంది’ అని ఉండదు. ‘ఎవరు చదివారు’ అని ఉంటుంది. దానికి వచ్చే జవాబుల్లో కథ గురించి ఒక ముక్క ఉంటే, గొంతు గురించి నాలుగు ముక్కలుంటాయి. ‘గుటక వేసిన చప్పుడు వినబడుతోంది’, ‘పద్యం వస్తే తడబడుతున్నారు’, ‘మాట ఎవరిదో తెలియడానికి గొంతు మార్చనవసరం లేకుండా విరుపుతోనే తెలియజేశారు’, ‘అధ్యాయాల మధ్య సంగీతం చెవులు పగలగొడుతోంది’. ఇలాంటి వాక్యాలు పది చదివితే ఆ పుస్తకం నా చెవికి సరిపోతుందో లేదో నాకు తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. అన్ని పుస్తకాలకూ మనిషి గొంతు అవసరం లేదని మాలో చాలామంది అభిప్రాయం. చరిత్ర, చట్టం, వ్యాసాలు నేను తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్‌రీడర్ యంత్రపు గొంతుతో, మామూలు వేగానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో వింటాను. అక్కడ నాకు కావలసింది సమాచారం, భావం నేనే పెట్టుకుంటాను. నవలకు మాత్రం మంచి మనిషి గొంతు దొరికేదాకా ఆగుతాను. చూపున్నవారి గ్రూపుల్లో ఏ రకం పుస్తకాన్ని వినాలి, దేన్ని చదువుకోవడమే మేలు అన్న చర్చ నాకు ఎప్పుడూ కనబడలేదు. ఆ చర్చ జరిగితే శ్రోత గారి క్రెడిట్లు కొన్ని మిగిలేవి.

గొంతును బట్టి ఎంచుకోవడం మన తెలుగువారికి కొత్తేమీ కాదు. విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు భారతం చెబుతుంటే వీధి వీధంతా రేడియో దగ్గర చేరిన కాలం మా నాన్నగారు చెప్పేవారు. కథ ఏమవుతుందో తెలియని శ్రోత అక్కడ ఒక్కరూ లేరు. ఆయన ఎలా చెబుతారో వినడానికే కూర్చునేవారు.

మా పద్ధతిలో ఉన్న లోపం కూడా చెప్పాలి. గ్రూపు మెచ్చిన రెండు మూడు గొంతులకే అభ్యర్థనలన్నీ వెళ్తాయి. కొత్తగా చదవడానికి ముందుకు వచ్చినవారి మొదటి రికార్డింగు గురించి ఎవరో ఒకరు కటువుగా రాస్తే, మిగిలినవారు అది తెరిచి కూడా చూడరు. మేము అలా కనీసం ఇద్దరు మంచి చదువరులను పోగొట్టుకున్నాం. వారిలో ఒకావిడ కళింగాంధ్ర యాస అచ్చంగా పలికేది. మళ్లీ ఆ యాస తెలిసినవారు దొరకలేదు, శ్రీకాకుళం కథలు అలాగే ఉండిపోయాయి.

సమాధానం 3: న్యూజెర్సీ నుంచి

నేను ఇక్కడ మా ఊరి లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో వింటాను. డబ్బు ఖర్చు లేదు గాని వరుస ఉంటుంది. ఏదైనా ఆంగ్ల నవల మీద సోషల్ మీడియాలో ఊపు రాగానే ఆ వరుస వారాల నుంచి నెలలకు పెరుగుతుంది. ఒకసారి నా వంతు వచ్చేసరికి ఆ పుస్తకం ఎందుకు కావాలనుకున్నానో కూడా గుర్తు లేదు. ఆ ఆలస్యమే నాకు మేలు చేసిందని తర్వాత అర్థమైంది. ఇప్పుడు కావాలనే పేరు రాసి పెట్టుకుని నెల ఆగుతున్నాను. నెల తర్వాత కూడా వినాలనిపిస్తే అప్పుడు తీసుకుంటాను.

తెలుగు పుస్తకాలు మా లైబ్రరీ ఆడియోలో లేవు. వాటికోసం తెలుగు ఆడియో యాప్ దాసుభాషితం, యూట్యూబ్ చూస్తాం. మేము ఎనిమిది కుటుంబాల వాళ్లం నెలకొక తెలుగు పుస్తకం అనుకుని, చివరి ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాం. శ్రోత గారు 11లో నాలుగే పూర్తి చేశారన్నారు. ఈ చిన్న గుంపు మొదలయ్యాక నేను సగంలో ఆపినది ఒక్కటే. ఆదివారం నాడు అత్తయ్యగారి వయసున్న పెద్దావిడ ‘ఎనిమిదో అధ్యాయంలో ఆ ఉత్తరం గొంతు వణుకుతూ చదివాడు చూశావా అమ్మాయ్’ అని అడుగుతారని తెలిస్తే, ఎలా ఆపుతాం? వేలమంది ఉన్న గ్రూపు ఏది మొదలుపెట్టాలో చెబుతుంది. ఎక్కడిదాకా వచ్చావని అడిగేవాళ్లు మాత్రం ఈ ఎనిమిది ఇళ్లలోనే ఉన్నారు.

సమాధానం 4: గోదావరి గొంతు

అవతలి వైపు నుంచి మాట్లాడేవాడు కూడా ఒకడుండాలని రాస్తున్నాను. నేను రాజమహేంద్రవరంలో ఉంటాను, ఆరేళ్లుగా తెలుగు కథలు చదివి రికార్డు చేస్తున్నాను. మీరు ఏది వినాలో గ్రూపులు ఎంత ప్రభావితం చేస్తున్నాయో, మేము ఏది చదవాలో అంతకంటే ఎక్కువగా ప్రభావితం చేస్తున్నాయి.

గంట ఆడియో తయారుచేయడానికి నాకు ఆరేడు గంటల పని పడుతుంది. ముందు ఒకసారి చదువుకోవాలి, తెలియని మాటలు కనుక్కోవాలి, వీధిలో కూరగాయల బండి వెళ్లిపోయేదాకా ఆగాలి, తప్పులు కత్తిరించాలి. అంత శ్రమ పెట్టేటప్పుడు ఎవరూ అడగని కథను ఎంచుకోవడానికి ధైర్యం చాలదు. కాబట్టి గ్రూపులో పదిమంది ‘ఇది ఆడియోలో ఉంటే బాగుండు’ అన్న కథనే తీసుకుంటాం. ఆ పదిమందీ సాధారణంగా అప్పటికే పేరున్న కథనే అడుగుతారు.

దీనికి కాపీహక్కుల సంగతి తోడవుతుంది. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి. గురజాడ 1915లో, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో కన్నుమూశారు కాబట్టి వారి కథలను ఎవరైనా చదివి పెట్టవచ్చు. అందుకే ఒకే కథకు ఎన్నో గొంతులు దొరుకుతాయి. ఆ తర్వాతి తరం రచయితలకు వారసుల అనుమతి కావాలి. చిరునామా దొరక్క వదిలేసిన మంచి కథలు నా దగ్గరే ఒక నోటుబుక్కు నిండా ఉన్నాయి. వినేవారికి ఇది తెలియదు, ‘గ్రూపులో ఎప్పుడూ అవే కథలు’ అని విసుక్కుంటారు.

లిబ్రివాక్స్ అని ఒక స్వచ్ఛంద ప్రాజెక్టు 2005లో కెనడాలో మొదలైంది. హక్కులు తీరిన పుస్తకాలను ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు చదువుతారు. వాళ్ల పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చినది, ఒకరు చదివినదాన్ని మరొకరు పుస్తకం దగ్గర పెట్టుకుని చివరిదాకా విని, ఎక్కడ మాట జారిందో, ఎక్కడ చప్పుడు వచ్చిందో సమయంతో సహా రాసి ఇవ్వడం. అక్కడ వినేవాళ్ల సమూహం పుస్తకాన్ని ఎంచుకోవడంతో ఆగదు, దాన్ని సరిదిద్దుతుంది కూడా. ఇది చూసి నేనూ ఒక పని మొదలుపెట్టాను. సీమ కథ చదవమని అడిగితే, ప్రొద్దుటూరు మిత్రుడికి ముందు నాలుగు పేజీలు చదివి పంపుతాను. మొదటిసారి అతను ‘నువ్వు సీమ మాట మాట్లాడడంలేదు, సీమ మాటను అనుకరిస్తున్నావు’ అన్నాడు. ఆ కథ వదిలేశాను. ఇప్పుడు దాన్ని అతని చెల్లెలే చదువుతోంది, నేను ఎడిటింగు చేసి పెడుతున్నాను.

శ్రోత గారూ, మీరు ఆపేసిన ఆ నవలను చదివి రికార్డు చేసినవారికి ‘నీల్లు’ సంగతి ఎవరైనా చెప్పి ఉంటారని నేననుకోను. నా రికార్డింగుల కింద వచ్చే వ్యాఖ్యల్లో నూటికి తొంభై కథ గురించే ఉంటాయి. ‘12వ నిమిషంలో ఈ మాట తప్పు’ అని రాసేవారు ఏడాదికి ఒకరిద్దరు. వారి మాటలే నేను దాచుకుంటాను. విశాఖ చదువరి గారు చెప్పిన ఆ కళింగాంధ్ర చదువరి వివరాలు దొరికితే, ఆవిడ ఒప్పుకుంటే, నాకు తెలియజేయగలరా? ఆవిడ చదివితే ఎడిటింగు బాధ్యత నాది.

ప్రశ్న అడిగినవారి మాట: ఎల్బీ నగర్ శ్రోత

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు ఊహించినట్టే ఉంది. ఆ నవలకు కథ రేటింగ్ చాలా ఎక్కువ, చదివిన తీరు రేటింగ్ దానికి బాగా కింద ఉంది. ఆ రెండో అంకెను ఇంతకాలం చూడనే లేదు.

విశాఖ చదువరి గారి మాట పట్టుకుని, ఈ వారం గ్రూపులో బాగా నలుగుతున్న ఒక పుస్తకం కింద ‘ఎవరైనా విన్నారా, గొంతు ఎలా ఉంది’ అని అడిగాను. దాన్ని మెచ్చుకుంటూ ముప్పైమందికి పైగా రాశారు. విన్నామని చెప్పినవారు ఇద్దరే. మిగిలినవారంతా అచ్చులో చదివినవారు. ఆ ఇద్దరిలో ఒకరు, కథ చెప్పేటప్పుడు బాగుంటుంది గాని సంభాషణల్లో ఆడవాళ్లందరికీ ఒకటే సన్నగొంతు పెట్టారని రాశారు. ఇంకొకరు, నాలుగో అధ్యాయం నుంచి కుదురుకున్నారని, అప్పటిదాకా ఓపికపట్టమని రాశారు. అమీర్‌పేటలో రైలు మారే జనం గోల మధ్య నిలబడి శాంపిల్ రెండుసార్లు విన్నాను. నాకు ఆ సన్నగొంతు భరించడం కష్టమేననిపించి, పుస్తకం అచ్చులో తెప్పించుకున్నాను, క్రెడిట్ అలాగే ఉంచుకున్నాను.

ఆగిపోయిన ఆ కరువు నవల కింద మాత్రం ఎక్కడెక్కడ ‘నీల్లు’ వచ్చిందో నిమిషాలతో సహా మొదటి మూడు అధ్యాయాలకు రాసి పెట్టాను. మర్యాదగానే రాశాను. గోదావరి గొంతు గారూ, మీ ప్రొద్దుటూరు మిత్రుడి చెల్లెలు చదువుతున్న కథ పూర్తవగానే లంకె ఇక్కడ పెట్టండి.